పరీక్షాపత్రములో లేని తేదీ

రెండు పర్యాయములు గర్భము నిలువక, మూడవసారి నెల తప్పిన స్త్రీకి మన పట్టణములలోని ప్రసూతి వైద్యశాలలలో వ్రాసియిచ్చు పరీక్షల చీటీలో ‘టార్చ్’ అను మాట తఱచుగా కనిపించును. టాక్సోప్లాస్మా, రుబెల్లా, సైటోమెగాలోవైరస్, హెర్పిస్ మొదలగు క్రిములకు ప్రతిగా రక్తములో పుట్టిన రక్షక పదార్థములను ఒక్క పర్యాయమే వెదకు పరీక్ష అది. మఱునాటి సాయంకాలమునకు చేతికి వచ్చిన కాగితముమీద టాక్సోప్లాస్మా అను పేరున కెదురుగా ‘పాజిటివ్’ అని యున్నచో ఆ రాత్రి ఆ యింటిలో ఎవరికిని నిద్ర పట్టదు. అత్తగారు పెరటిలోని పిల్లిని తరిమివేయించును. భర్త ఫోనులో ఆ పేరు వెదకి, తలలో నీరుపట్టి పుట్టిన శిశువుల చిత్రములు చూచి బెదరును. కడుపులోని బిడ్డను ఉంచుకొనవచ్చునా, కూడదా అను ప్రశ్నను ఎవరును నోరు విప్పి అడుగకపోయినను, అది అందఱి మనస్సులలోను మెదలుచుండును.

ఇంత కలవరము పుట్టించిన ఆ కాగితము నిజమునకు చెప్పుచున్న దేమి? ఈ స్త్రీ దేహములో ఎప్పుడో యొకప్పుడు ఆ పరాన్నజీవి ప్రవేశించియుండునని మాత్రమే. అది చిన్ననాడే ప్రవేశించియున్నచో గర్భస్థ శిశువునకు దానివలన భయము లేదు సరికదా, నాటి అనుభవమే నేడు తల్లికి కవచమై నిలుచును. గత మాసమున ప్రవేశించియున్నచో అపాయ మున్నది. కావున ఇచట తేలవలసినది సోకినదా లేదా అనునది కాదు. ఎప్పుడు సోకినది అనునది. ఆ తేదీని నిర్ణయించుట వైద్యుని కర్తవ్యములో సగము. నిర్ణయింపకముందే భయపెట్టకుండుట తక్కిన సగము.

పిల్లి ప్రేగులలో పుట్టుక, మన కండలలో కాపురము

1908లో ట్యూనిస్ నగరమందలి పాశ్చర్ సంస్థలో పరిశోధన చేయుచుండిన చార్లెస్ నికోల్, లూయీ మాన్సోలు ఉత్తరాఫ్రికాలో కొండఱాళ్ల నడుమ తిరుగు గుండీ అను ఎలుకజాతి జంతువునందు నెలవంకవంటి ఆకృతిగల ఒక ఏకకణజీవిని చూచిరి; టాక్సోప్లాస్మా అదియే. అదే సంవత్సరమున బ్రెజిలు దేశములో స్ప్లెండోరె అను వైద్యుడు కుందేలునందు దానినే చూచెను. 1923లో ప్రేగ్ నగరపు నేత్రవైద్యుడు యోసెఫ్ యాంకూ, తలలో నీరుపట్టి పుట్టి మరణించిన యొక శిశువు కంటి లోపొరలో దానిని గుర్తించెను. 1939లో న్యూయార్కు వైద్యులు వుల్ఫ్, కోవెన్, పేజ్ అను మువ్వురు, అది తల్లి గర్భములో నుండగనే శిశువునకు సంక్రమించునని నిరూపించిరి. అయినను తల్లికి అది ఎక్కడనుండి వచ్చుచున్నదో తెలియుటకు మఱి మూడు దశాబ్దములు పట్టెను.

మొదట అనుమానము మాంసముమీదికి పోయెను; అది నిరాధారమును కాదు. 1965లో పారిస్ సమీపమున ఒక క్షయరోగుల ఆరోగ్యశాలలోని పిల్లల రక్తమును జార్జి డెమోంట్సు బృందము పరీక్షించి, సరిగా ఉడుకని పశుమాంసము పెట్టినప్పుడు ఏడాదికి నూటికి పదిమందికి సోకు ఈ క్రిమి ఏబదిమందికి సోకుననియు, పచ్చిపచ్చిగా కాల్చిన గొఱ్ఱెమాంసమును చేర్చినప్పుడు ఇంచుమించు అందఱికిని సోకుననియు తేల్చెను. శాస్త్రమునకు మేలు చేసిన పరిశీలనయే గాని, వైద్యుల సంరక్షణలో నున్న పిల్లలమీద అట్టి పరిశీలనను నేటి నీతిసంఘ మేదియు అంగీకరింపదు. వైద్యుని కర్తవ్యమును గుఱించి వ్రాయునపుడు ఈ మాట చెప్పక దాటిపోవుట న్యాయము కాదు.

అయితే మాంసముతో సమస్య తీరలేదు. అంతకు ముందే, 1959లో, బొంబాయిలో శాకాహారుల రక్తమును మాంసాహారుల రక్తముతో పోల్చిచూడగా ఉభయులలోను ఈ క్రిమి జాడ దాదాపు ఒకే పాళ్లలో కనిపించెను. జన్మలో మాంసము ముట్టని వానికి మాంసములోని క్రిమి ఎట్లు సోకెను? గ్లాస్గోలో హచిసన్, కాన్సస్‌లో ఫ్రెంకెల్, ఆయనతో కలిసి పనిచేసిన భారతీయ పశువైద్యుడు జె.పి. దూబే ప్రభృతులు 1970 ప్రాంతమున దీనికి సమాధానము కనుగొనిరి. ఈ జీవి సంతానోత్పత్తిలో స్త్రీపురుష భేదముగల దశ పిల్లిజాతి జంతువుల ప్రేగులలో మాత్రమే జరుగును. సోకిన ఎలుకను తిన్న పిల్లి కొద్ది దినములలో మొదలిడి ఒకటి రెండు వారములపాటు, సాధారణముగా తన జీవితములో ఒక్క పర్యాయమే, గట్టిపెంకుగల బీజకోశములను లక్షలకొలది మలములో విసర్జించును. ఆ కోశములు తడినేలలో సంవత్సరమునకు పైగా జీవించి, ఆకుకూరలమీదికి, త్రాగునీటిలోనికి, మేతమేయు మేకల కడుపులోనికి చేరును. 1995లో కెనడాలోని విక్టోరియా నగరమున అనేకులకు ఈ క్రిమి ఒక్కమారుగా సోకగా, దోషము ఊరి మంచినీటి జలాశయమునదని విచారణలో తేలెను.

మన దేహములో ప్రవేశించిన పిదప అది కొన్ని వారములు రక్తములో తిరిగి, రోగనిరోధక శక్తి మేల్కొని తఱుమగా కండరములలోను మెదడులోను సూక్ష్మకోశములు కట్టుకొని, బ్రదికినంతకాలము అక్కడనే దాగియుండును. అనేకులకు జ్వరమైనను రాదు. వచ్చినను రెండు దినముల ఒడలునొప్పులు, మెడలో రెండు బిళ్లలు, అంతే. 2014లో ప్రకటింపబడిన ఒక అఖిలభారత పరిశీలనలో, సంతానయోగ్య వయస్సులోని స్త్రీలలో నూటికి సుమారు ఇరువదిరెండు మంది రక్తములో దీని పాతజాడ కనబడెను. వారిలో తమకు అది సోకినదని ఎఱిగినవారు ఎందఱుందురు?

వంటింటిలో అపాయ మెక్కడ?

దక్కనులోను కోస్తాలోను మాంసమును మెత్తగా ఉడికించియే తినుదుము గనుక, 67 డిగ్రీల వేడిలో నశించు ఈ క్రిమికి మన కూరకుండలో చోటు లేదు. అపాయము కుండలో కంటె కత్తిపీటమీద ఎక్కువ. పచ్చిమాంసము కోసిన చేతితోనే కొత్తిమీర తుంచుట, మసాలా పట్టించిన పచ్చిముక్క ఉప్పు చూచుట, లోపల ఎఱ్ఱగా నున్న కబాబు తినుట, కాచని మేకపాలు త్రాగుట, కీరదోసకాయను బాగుగా కడుగక కొఱుకుట, పెరటి మట్టిలో ఒట్టి చేతులతో పాదులు చేయుట—గర్భిణి జాగ్రత్తపడవలసినవి ఇవి. పిల్లిని ఇల్లు వెడలగొట్టనక్కఱలేదు. బీజకోశము బయటపడిన వెంటనే అంటునది కాదు. అది పరిపక్వమగుటకు ఒకటి మొదలు ఐదు దినములు పట్టును. పిల్లి మలమును ఇంట మఱొకరు ప్రతిదినము తీసివేసినచో చాలును. మీద చేయి వేసి నిమిరినంతమాత్రమున సోకునన్న భయము నిష్కారణము.

మావి దాటు దారి

ఇక అసలు చిక్కు. గర్భము దాల్చిన పిదప తల్లికి ఈ క్రిమి మొదటిసారి సోకినచో అది బిడ్డకు చేరునా? లియోన్ నగరమున ఆఱువందలకు పైబడిన అట్టి తల్లుల చరిత్రలను పరిశీలించి 1999లో ప్రకటించిన లెక్కలు వైద్యులకే వింతగొలిపినవి. పదమూడవ వారమున తల్లికి సోకినచో బిడ్డకు చేరు అవకాశము నూటికి 6 మాత్రమే; ఇరువదియాఱవ వారమున 40; ముప్పదియాఱవ వారమున 72. ఇంతవఱకు చూచినచో నెలలు నిండినకొలది ముప్పు పెరుగుచున్నట్లు తోచును. కాని సోకిన శిశువులలో రోగలక్షణములు కనబడినవారి పాళ్లు చూడుడు: పదమూడవ వారమున సోకినవారిలో నూటికి 61, ఇరువదియాఱవ వారమున 25, ముప్పదియాఱవ వారమున 9. చేరుట అరుదైనప్పుడు హాని ఘోరము; చేరుట సులభమైనప్పుడు హాని స్వల్పము.

ఈ వైపరీత్యమునకు కారణము అడ్డుగోడయందు కొంత, ఆవలివైపున కొంత కలదు. తల్లి రక్తమునకును శిశువు రక్తమునకును నడుమనున్న మావి తొలిమాసములలో చిన్నది. దాని వెలుపలిపొర కణములన్నియు ఎల్లలు కోల్పోయి ఏకపటలముగా కలిసియుండుటచే క్రిమి దూఱుటకు సందు దొఱకదు. మాసములు గడచినకొలది మావి విశాలమై, పొర పలుచనై, దానిగుండ ప్రవహించు తల్లి రక్తము అధికమగును. తలుపులు పెరిగినప్పుడు కాపలా పలుచబడుట సహజము. ఆవలివైపున, తొలిమాసములలో శిశువు మెదడును కన్నును అప్పుడే రూపుదాల్చుచుండును, ఎదిరించు శక్తి ఇంకను పుట్టియుండదు. కావున చేరిన క్రిమి తలలో నీరు నిలుచుటకును, మెదడులో సున్నపుమచ్చలు ఏర్పడుటకును, కంటిపొర చెడుటకును కారణమగును. చివరి మాసములలో శిశువునకు స్వంత రక్షణ కొంత ఏర్పడును. తల్లి పంపిన రక్షక పదార్థములు కొంత తోడుపడును.

గర్భమునకు పూర్వమే, చిన్ననాటనో కన్నెతనముననో సోకినచో క్రిమి కోశములలో బందీయై యుండును గాని రక్తములో తిరుగదు. తిరుగనిది మావిని తాకదు. ఎయిడ్సువంటి వ్యాధిచేతనో, అవయవమార్పిడికై వాడు మందులచేతనో రోగనిరోధక శక్తి క్షీణించిన వారి విషయము వేఱు. దీనినిబట్టియే మఱొక సంగతి తేటపడును: మొదటి సోకుడే బిడ్డను చేరును గాని మఱుసటి గర్భములను చేరదు గనుక, వరుసగా రెండు మూడు గర్భములు పోవుటకు ఈ క్రిమి కారణము కాజాలదు. పదేపదే గర్భస్రావమగు స్త్రీలకు టార్చ్ పరీక్షవలన ప్రయోజనము లేదని బ్రిటన్‌లోని రాయల్ కాలేజి ప్రసూతివైద్యులు తమ మార్గదర్శికలో స్పష్టముగా వ్రాసిరి. మన చీటీలలో మాత్రము ఆ మాట నేటికిని చెఱగిపోలేదు. ఆ పరీక్షకు వేలరూపాయలు చెల్లించుచున్నది ఆ స్త్రీయే.

తేదీ చదువు విద్య

క్రిమి సోకిన ఒకటి రెండు వారములలో రక్తములో ఐజీఎం అను రక్షక పదార్థమును, దాని వెనుక ఐజీజీ అనునదియు పుట్టును. ఐజీజీ జన్మాంతము నిలుచును. ఐజీఎం కొద్దికాలమునకే మాయమగునని ఒకప్పుడు తలచిరి. కావున అది కనబడినచో కొత్త సోకుడేనని నిశ్చయించుచుండిరి. కాని అది మాసములకొలది, కొందఱిలో సంవత్సరముల కొలదియు నిలిచియుండుననియు, అంగడిలోని పరీక్షా సామగ్రి లేనిదానిని కూడ ఉన్నట్లు చూపుననియు తేలినది. ఐజీఎం ఒక్కదానినే నమ్మి గర్భిణికి చికిత్స నిర్ణయింపరాదని 1997లో అమెరికా ఔషధనియంత్రణ సంస్థ వైద్యులను హెచ్చరించెను.

మఱి తేదీ తెలియు టెట్లు? ఐజీజీ పట్టును పరీక్షించుటవలన. 1989లో ఫిన్లండు శాస్త్రజ్ఞులు ఈ మార్గమును చూపిరి. నిన్న వెల్లవేసిన గోడను తడిచేతితో రుద్దినచో సున్నము చేతికి అంటి వచ్చును. ఏడాది ఎండకు వానకు ఆగిన గోడను రుద్దినను రాదు. అట్లే కొత్తగా పుట్టిన ఐజీజీ క్రిమిని వదులుగా పట్టుకొనును. నెలలు గడచినకొలది దేహము మేలురకపు పట్టుగల దానినే ఎంచి పెంచును. ప్రయోగశాలలో యూరియా ద్రావణముతో కడిగినప్పుడు జాఱిపోవునది లేతపట్టు, నిలుచునది ముదురుపట్టు. గర్భము మొదటి నాలుగు మాసములలో తీసిన రక్తములో ముదురుపట్టు కనబడినచో, క్రిమి సోకినది గర్భధారణకు ముందేనని ధైర్యముగా చెప్పవచ్చును. లేతపట్టు కనబడినచో మాత్రము తొందరపడరాదు. కొందఱిలో ఆ లేతతనము ఏడాదివఱకు పోదు. అట్టివారికి రెండు మూడు వారముల అంతరముతో తీసిన రెండు రక్తములను ఒకే ప్రయోగశాలలో, ఒకే దినమున పోల్చి, ఐజీజీ పెరుగుచున్నదా లేదా అని చూడవలెను. కావుననే మొదటి రక్తములో కొంత భద్రపఱచుట తెలిసిన ప్రయోగశాలల ఆచారము.

> వేయిమందిలో ఇరువదియిద్దఱు
>
> లెక్కకొఱకు ఒక ఊహ. వేయిమంది గర్భిణులను పరీక్షించితిమనుకొందము. వారిలో నిజముగా కొత్తగా సోకినవారు ఇద్దఱు. పరీక్ష మిక్కిలి మేలైనది. నూటికి ఇద్దఱి విషయముననే పొరపడి, లేని క్రిమిని ఉన్నట్లు చూపును. అప్పుడు ‘పాజిటివ్’ అని వచ్చువారు ఎందఱు? నిజమైనవారు ఇద్దఱు, పొరపాటుపడినవారు సుమారు ఇరువదిమంది. అనగా ఆ కాగితము చేతపట్టుకొని ఏడ్చు ఇరువదియిద్దఱిలో ఇరువదిమంది ఏడ్వవలసిన పని లేదు. వ్యాధి ఎంత అరుదైనచో, మంచి పరీక్షయు అంతగా దారి తప్పించును. రెండవ పరీక్ష అవసర మగుటకు కారణ మిదియే.

ఇతర పరాన్నజీవుల నియమములు వేఱు

పాతసోకుడు రక్షణ యను సూత్రము అన్నిటికిని చెల్లదు. పాడేరు, భద్రాచలము ఏజెన్సీ ప్రాంతములలో నేటికిని వినబడు ఫాల్సిపారమ్ మలేరియా దీనికి విరుద్ధముగా నడచును. అది పట్టిన ఎఱ్ఱకణములు మావిలోని కాండ్రాయిటిన్ సల్ఫేట్ అను పదార్థమునకు అంటుకొని అక్కడనే గుమిగూడునని 1996లో ఫ్రైడ్, డఫీలు కనుగొనిరి. చిన్ననాటినుండి మలేరియాను ఎదుర్కొనిన స్త్రీకిని మావి అను స్థలము కొత్త. కావున తొలిచూలులోనే అపాయ మధికము, తరువాతి కాన్పులలో తక్కువ. వ్రేలికొనను గ్రుచ్చి తీసిన రక్తములో క్రిములు కానరాకున్నను మావిలో నిండియుండవచ్చును. బిడ్డ తక్కువ తూకముతో పుట్టును, తల్లికి రక్తము క్షీణించును. మలేరియాకు వాడు ప్రైమాక్విన్ మందును గర్భిణికి ఈయరాదు. ఇక కొంకిపురుగు మావిని తాకనే తాకదు. ప్రేగులలో కూర్చుండి తల్లి రక్తము పీల్చి, ఇనుమును హరించి, ఆ లోటుద్వారమున బిడ్డకు చెఱుపు చేయును. దానికి మొదటి మూడు మాసములు గడచినపిదప అల్బెండజోల్ మాత్ర ఒకటి ఇచ్చుట మన ప్రభుత్వ రక్తహీనతా నివారణ పథకములోని క్రమము.

కర్తవ్యము మొదలగు చోటు

1969లో మన సుప్రీంకోర్టు, తొడయెముక విఱిగిన యువకుని మరణమునకు సంబంధించిన వ్యవహారమున, రోగి తన్ను ఆశ్రయించినంతనే వైద్యునికి మూడు బాధ్యతలు కలుగునని నిర్ణయించెను: ఆ రోగిని చేపట్టవచ్చునా యని ఆలోచించుట, ఏ చికిత్స చేయవలెనో నిశ్చయించుట, ఆ చికిత్సను నిర్వహించుట—ఈ మూడింటియందును తగిన జాగరూకత చూపవలెనని. మన గర్భిణి విషయమున మొదటి బాధ్యత, ఐజీఎం కాగితమును అర్థము చేసికొనుట తనకు సాధ్యమా, లేక తెలిసిన ప్రయోగశాలకు పంపవలెనా యని తన్నుతాను అడిగికొనుటయే. తెలియనప్పుడు పంపివేయుట చిన్నతనము కాదు.

ఇది నీతివాక్యము కాదు, లెక్కలున్న సంగతి. కాలిఫోర్నియాలోని పాలో ఆల్టో ప్రయోగశాలవారు, ఇతరచోట్ల ఐజీఎం ఉన్నదని చెప్పబడిన 811 మంది గర్భిణుల రక్తమును మఱల పరీక్షించి 2001లో ఫలితములు ప్రకటించిరి. వారిలో నూటికి అఱువది మందికి కొత్తసోకుడు లేదు. ఆ సంగతిని నిపుణులు ఆయా వైద్యులకు వివరించి చెప్పుటవలన నిష్కారణమైన గర్భవిచ్ఛేదములు సుమారు సగము తగ్గినవి. మందు లేదు, శస్త్రము లేదు; రెండవ పరీక్షయు, ఒక టెలిఫోను సంభాషణయు.

కొత్తసోకుడు నిజమే యని తేలినప్పుడు చేయవలసిన పనియు కలదు. మావిలో నిలువయగు స్పైరామైసిన్ మందును ముందుగా మొదలుపెట్టుదురు. పదునెనిమిది వారములు నిండి, తల్లికి సోకి నాలుగు వారములు గడచినపిదప ఉమ్మనీటిని సూదితో తీసి, క్రిమి జన్యుపదార్థమునకై వెదకుదురు. అది కనబడినచో పైరిమెథమిన్, సల్ఫాడయజిన్‌లను, ఎముకమూలుగను కాపాడుటకు ఫోలినిక్ ఆమ్లముతో కలిపి ఇత్తురు. ఉమ్మనీటిలో కనబడినంతమాత్రమున బిడ్డ వికలాంగుడగునని కాదు. పైన చెప్పిన లియోన్ అంకెలను తల్లి ముందు పెట్టి, ఏ వారమున సోకినదో దానినిబట్టి, స్కానింగులో మెదడు ఎట్లున్నదో దానినిబట్టి మాటలాడవలెను. చికిత్స స్వభావమును, అందలి కష్టనష్టములను, ఇతర మార్గములను తెలిపిన పిమ్మటనే అనుమతి పొందవలెనని 2008లో సుప్రీంకోర్టు చెప్పిన నియమము ఇచటికిని వర్తించును. భర్తకో అత్తగారికో చెవిలో చెప్పి, గర్భిణిని వరండాలో కూర్చుండబెట్టుట ఆ నియమమునకు విరుద్ధము.

ఫ్రాన్సు దేశమువారు 1978లో ప్రారంభించి, క్రమముగా సోకని గర్భిణులందఱికి నెలనెల పరీక్షను ఏర్పఱచిరి. అక్కడ పాతసోకుడు గలవారి పాళ్లు 1995లో నూటికి 54 ఉండగా 2016 నాటికి 31కి దిగినందున, రక్షణలేని తల్లుల సంఖ్య పెరిగినది. బ్రిటన్ అట్టి పరీక్షను ఏర్పఱుపలేదు. మన దేశమున అందఱికిని పరీక్ష చేయవలెనని నే ననను. చేసిన పరీక్షను సగములో విడువరాదని మాత్రము అందును.

కాన్పుతో ఈ కర్తవ్యము ముగియదు. గర్భములో సోకిన శిశువు ఏ లక్షణమును లేక పుట్టినను, కంటిపొరలో దాగిన కోశము మూడేండ్లకో పదునైదేండ్లకో పగిలి మచ్చకట్టవచ్చును. అట్టి బిడ్డకు మొదటి సంవత్సరము మందులు ఈయవలెను, రక్తములో తల్లి పంపిన ఐజీజీ తరిగిపోవుచున్నదో స్వంతముగా పెరుగుచున్నదో చూడవలెను, కంటివైద్యుని వద్దకు కొన్ని మాసముల కొకసారి, పిదప సంవత్సరమున కొకసారి తీసికొనిపోవలెను. ఆస్పత్రి మారినను, ఊరు మారినను, గర్భకాలమున తీసిన రక్తపరీక్షలు తేదీలతో సహా బిడ్డ దస్త్రములో చేర్చి తల్లి చేతికి ఈయవలెను. పదేండ్ల తరువాత నల్లబల్లమీది అక్షరములు మసకగా కనబడుచున్నవని ఆ పిల్ల చెప్పినప్పుడు, చూచు కంటివైద్యుడు మొదట అడుగునది ఆ కాగితములనే.